పలకని పేరు

కొత్తగా నర్సింగ్ అసిస్టెంట్లుగా చేరబోయే పిల్లలు ఎక్కడ కనబడినా నన్ను అడిగేది ఒకటే. "పరీక్ష కష్టంగా ఉంటుందా మేడమ్?" ఉండదమ్మా. పరీక్ష కాగితం మీద ఉంటుంది, చదివితే వస్తుంది. ఆ పరీక్ష రాయనివ్వడానికి కావలసిన అర్హత ఉంది చూశారూ, దాన్ని మాత్రం మనిషి మంచం పక్కన నిలబడి సంపాదించుకోవాలి. నన్నడిగితే ఉద్యోగమంతా అక్కడే ఉంది. మిగతాదంతా దుప్పట్లు ఉతకడం లాంటిది, ఎవరో ఒకరు చేస్తారు.

నా ప్రమోషన్ల కథ ఇక్కడ రాయడం లేదు. ఆ కథ మా ఆయనే వినడు, మీరేం వింటారు. డర్బన్ సిడెన్‌హామ్‌లో మా ఇంటి వెనక వరండాలో మధ్యాహ్నం కుర్చీ వేసుకుని కూర్చుంటే, నిద్రా కాదు మెలకువా కాదు అనిపించే ఆ వేళ, పాత వార్డులు ఒకదాని వెంట ఒకటి కళ్ళ ముందుకు వస్తాయి. ముఖాలు సగం చెరిగిపోయాయి. చేతులు మాత్రం చెరగలేదు. తడి గుడ్డ పిండే చేతులు, దుప్పటి మూల మడిచే చేతులు, నాడి పట్టుకుని కదలకుండా ఉన్న చేతులు. అందరికన్నా ఎక్కువగా కనిపించేవి లచ్చమ్మ చేతులు. ఆమె పరీక్ష రాయడానికి అర్హత సంపాదించుకున్న సంగతి చెబుతాను. అది విన్నాక కూడా మీకు ఈ ఉద్యోగం కావాలనిపిస్తే, సంతోషంగా చేరండి.

మెట్ల పైన అకాడమీ

మాది వరంగల్లు. నల్లవారు కూడా ఓటేసిన మొదటి ఎన్నికలు అయిపోయి, కొత్త జెండా ఎగిరి, జనం ముఖాల్లో ఇంకా ఆశ్చర్యం ఆరని రోజుల్లో మేము డర్బన్‌కు వచ్చాం. మా ఆయనది ఇంజనీరు ఉద్యోగం. నాకు ఓవర్‌పోర్ట్‌లో ఒక నర్సింగ్ స్కూల్లో టీచరు పని దొరికింది. బోర్డు మీద అకాడమీ అని ఉండేది. తీరా చూస్తే చీరల కొట్టు మీద రెండు గదులు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కింద ఎవరో సమోసాలు వేయిస్తుండేవారు, ఆ వాసన మెట్లెక్కి పాఠంలోకి వచ్చేది. మధ్యాహ్నం క్లాసులో నేను రక్తప్రసరణ గురించి చెబుతుంటే పిల్లలతో పాటు నా కళ్ళు కూడా మూతలు పడేవి. ఆ కునుకుపాటులోనే మేమందరం ఏదో కొత్త దేశంలోకి నడుస్తున్నట్టు ఉండేది.

అప్పటిదాకా ఈ దేశంలో ఆసుపత్రులు రంగును బట్టి విడివిడిగా నడిచాయి. తెల్లవారికి ఒకటి, మనవాళ్ళకు ఒకటి, నల్లవారికి ఒకటి. వార్డుల్లో నేల తుడవడానికి చేరి, మెల్లగా రోగులకు అన్నం పెట్టడం, ఒళ్ళు తుడవడం, పడక మార్చడం అన్నీ చేస్తూ ముసలివాళ్ళయిపోయిన ఆడవాళ్ళు బోలెడంత మంది ఉండేవారు. చేసేది నర్సు పని, చేతిలో ఉండేది చీపురు. స్కూలు చదువు పూర్తి కాలేదని వాళ్ళను పరీక్షకు రానిచ్చేవారు కాదు. కొత్త ప్రభుత్వం వచ్చాక మా చోట తలుపు కాస్త తెరిచారు. సిస్టర్ పర్యవేక్షణలో వార్డులో పని చేసి, చివర ఒక రోగి మంచం దగ్గర ప్రాక్టికల్ చేసి చూపించాలి. అందులో నెగ్గితే పరీక్ష రాయవచ్చు. రెండుసార్లు తప్పితే మళ్ళీ చీపురే. మూడో అవకాశం లేదు.

ఆయన లేటు

వార్డులో పని నేర్చుకునేవాళ్ళను చూడడానికి స్కూలు తరఫున పోర్ట్ షెప్‌స్టోన్ ఆసుపత్రికి నేను వారానికోసారి వెళ్ళేదాన్ని. సముద్రం పక్కనే దారి. చెరకు తోటలు తగలబెట్టే కాలంలో ఆకాశం గోధుమ రంగులోకి తిరిగి, నల్లటి మసి రేకులు గాలిలో తేలుతూ వచ్చి కారు అద్దం మీద వాలేవి. ఉమ్‌జిమ్‌కులు నది సముద్రంలో కలిసే చోట నీళ్ళు ఏది ఎక్కడిదో తెలియకుండా ఉండేవి. ఆ పక్కన గుట్ట మీద ఆసుపత్రి. వార్డు కిటికీలోంచి చూస్తే నది కనబడేది. పనిలో పడి దాన్ని చూడనివాళ్ళను నేను కోప్పడేదాన్ని, చూస్తూ నిలబడ్డవాళ్ళను వార్డు సిస్టర్ డ్లామిని కోప్పడేది.

లచ్చమ్మ అక్కడే పనిచేసేది. కాగితాల మీద ఆమె లాచ్‌మీ నాయుడు. యాభై దగ్గర పడుతున్న మనిషి, నాకంటే చాలా పెద్దది. వాళ్ళ తాతల నాడు వైజాగు వైపు నుంచి చెరకు తోటల్లోకి కూలికి వచ్చారు. ఇంట్లో మాట్లాడేది ఇంగ్లీషు. తెలుగు పూజకు, కూరకు, తిట్టుకు మాత్రం మిగిలింది. అయినా నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసినప్పటి నుంచి నాతో పట్టుబట్టి తెలుగే మాట్లాడేది. ఆ తెలుగు విచిత్రంగా, ముద్దుగా ఉండేది.

మొదటి రోజు పరిచయాల్లో అడిగాను, "మీ ఆయన ఏం చేస్తారు లచ్చమ్మక్కా?"

"హీ ఈజ్ లేట్, సిస్టర్," అంది.

"పరవాలేదు, వచ్చాకే మాట్లాడదాం," అన్నాను.

సిస్టర్ డ్లామిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లచ్చమ్మ నా వంక కాసేపు చూసింది. తర్వాత పెద్దగా నవ్వింది.

"రారమ్మా. ఆయన మరి రారు. నువ్వు వెయిట్ సేస్తే ముసిల్దానివైపోతావు."

ఇక్కడ లేటు అంటే చనిపోయినవాడు. మన పేపర్లలోనూ పోయినవారి పేరు ముందు లేట్ అని వేస్తారు గదా, నాకెందుకు తట్టలేదో. ఎదురుగా కూర్చున్న ఆడమనిషి ఆయన లేటు అంటే గడియారం వంక చూడమా మరి. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం ఆ మాట వార్డంతా చెప్పుకుని వారం రోజులు నవ్వింది. మొగుడు పోయిన దుఃఖాన్ని అంత తేలిగ్గా మోసేవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు. తేలిక కాదని తర్వాత తెలిసింది.

ఆమె రోగులందరినీ తెలుగులోనే తిట్టేది. ఒక జూలూ ముసలాయన అన్నం వద్దని మూతి తిప్పుకుంటే, "తిను, సచ్చినోడా, తినకపోతే కాలు ఎట్లా అతుకుద్ది?" అని స్పూను నోటికి ఆనించేది. ఆయన "యెబో, మా" అని బుద్ధిగా తినేవాడు. అవునమ్మా అని దానర్థం. ఏం తిట్టిందో ఆయనకు తెలియదు, తెలిసినా తినేవాడే అనుకుంటాను.

తాత కాదు, మిస్టర్

నేను కలిసి పనిచేసిన పైవాళ్ళలో సిస్టర్ డ్లామిని వంటి మనిషిని మళ్ళీ చూడలేదు. నిదానంగా మాట్లాడేది, నిదానంగా నడిచేది, ఆమె నడిచిన వైపు వార్డంతా సర్దుకునేది. ఆమెది ఒకటే నియమం. ప్రతి రోగినీ మిస్టర్ అనో మిసెస్ అనో పేరు పెట్టి పిలవాలి.

నాకు అది మింగుడు పడలేదు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడమేమిటి? మన దగ్గర తాతా, పెద్దమ్మా అంటాం, అందులోనే గౌరవం ఉంది. అదే మాట ఆమెతో అన్నాను.

"సిస్టర్, మీరు కొత్తగా వచ్చారు," అంది ఆమె. "ఈ దేశంలో మా నాన్నను ముసలితనం దాకా బాయ్ అని పిలిచారు. నేను సిస్టర్ అయ్యాక కూడా నన్ను గర్ల్ అన్నారు. రోగిని ఆ మంచం, ఈ మంచం అన్నారు. మీ తాత అనే మాట మంచిదే. కానీ తాతలు చాలామంది ఉంటారు. ఆ మంచంలో ఉన్నాయన ఒక్కడే."

ఆ రోజు నుంచి నేనూ పేరు పెట్టే పిలిచాను. చెబితే అర్థం కావడం ఒకటి, దానికోసం ఆమె ఏమేం పడివచ్చిందో కళ్ళలో కనబడటం ఒకటి.

ప్రాక్టికల్ పరీక్షలోనూ మొదటి మెట్టు అదే. మంచం దగ్గర నిలబడాలి, రోగిని పేరు పెట్టి పిలవాలి, అతను పలకాలి, మణికట్టుకు కట్టిన పట్టీ మీద పేరు సరిచూడాలి. ఆ తర్వాతే ఒంటి మీద చెయ్యి వేయాలి. పరీక్షించడానికి డర్బన్ నుంచి సిస్టర్ ఫూరీ వచ్చేది. సన్నగా, పొడుగ్గా, తెల్ల బూట్లతో, నవ్వితే ఏదో పోతుందన్నట్టు ఉండేది. మొదటి మెట్టు తప్పితే తర్వాత ఎంత బాగా చేసినా లెక్క లేదనేది. ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను. "ఒకాయనకు ఇవ్వవలసిన ఇంజక్షన్ పక్కాయనకు ఇవ్వడం నా కళ్ళతో చూశాను," అంది. కిటికీ వైపు తిరిగింది. ఆమె మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి గాని, ఈ విషయంలో ఆమెదే న్యాయం. నా దగ్గర చదివిన ప్రతివాళ్ళకూ ఇదే చెప్పాను.

పచ్చి వెలక్కాయ

లచ్చమ్మ వంతు వచ్చిన రోజు నాకు ఏ భయమూ లేదు. అంత పనిమంతురాలు తప్పుతుందని ఎవరనుకుంటారు? సిస్టర్ ఫూరీ వార్డంతా ఒకసారి చూసి కిటికీ పక్క మంచం చూపించింది. అందులో తొడ ఎముక విరిగిన ముసలాయన. కాలికి తాడు కట్టి, తాడుకు బరువు వేలాడదీశారు. చెరకు తోటలో బతుకంతా గడిపిన మనిషి, మన తెలుగాయనే. పేరు అప్పలసామి.

లచ్చమ్మ చేతులు కడుక్కుంది. వేడినీళ్ళ బేసిన్, గుడ్డలు, సబ్బు బండి మీద పెట్టుకుని వచ్చింది. మంచం చుట్టూ తెర లాగింది. ముసలాయన పక్కన నిలబడింది. నోరు తెరిచింది.

ఏమీ రాలేదు. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అలాగే నిలబడిపోయింది. సిస్టర్ ఫూరీ ఎదురుచూసింది. నేను ఎదురుచూశాను. చివరకు లచ్చమ్మ తల దించుకుని, "తాతా, ఒళ్ళు తుడుత్తాను," అంది.

ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. మొహం, మెడ, చంకలు, వీపు. తుడిచిన చోట వెంటనే పొడిగుడ్డతో అద్ది కప్పడం, తుడవని చోటు చల్లబడకుండా చూడడం. వేలాడే బరువు కొంచెమైనా ఊగలేదు. తెర లోపల వెలుతురు పాలలా పరుచుకుంది. బేసిన్‌లో గుడ్డ పిండిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ముసలాయన కళ్ళు మూసుకుని ఎక్కడికో వెళ్ళిపోయాడు. నేనూ వెళ్ళిపోయాను. నన్ను చిన్నప్పుడు ఎవరో అలా తుడిచినట్టు, ఆ చేతులు ఎవరివో గుర్తు రానట్టు అనిపించింది.

సిస్టర్ ఫూరీ పెన్ను మూసింది. "చేతులు బంగారం," అంది. "కానీ ఆమె ఎవరిని తుడిచిందో నాకు తెలియదు. తప్పింది. వచ్చేవారం ఇంకొక్కసారి. అదే ఆఖరు."

దుప్పట్ల గదిలో లచ్చమ్మ మడతల మీద కూర్చుని ఉంది. నేనూ సిస్టర్ డ్లామినీ వెళ్ళాం.

"ఏమైందక్కా? పేరు మరిచిపోయావా?"

"మరుపా! ఆ పేరు ఎట్లా మరుత్తాను? అది మా ఆయన పేరు, సిస్టర్."

అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె మొగుడి పేరు పలకలేదు. ఆయన పోయాకా పలకలేదు. వాళ్ళ అమ్మ పలకలేదు, అమ్మమ్మ పలకలేదు. తాతలు వచ్చిన ఊరి పేరు మరిచిపోయారు, భాష సగం మరిచిపోయారు, ఇది మాత్రం మరవలేదు.

నేను నవ్వలేకపోయాను. మా నానమ్మ గుర్తొచ్చింది. మా తాత పేరు వెంకటయ్య. అందుకని ఆవిడ తిరుపతి వెంకన్నను కూడా కొండమీది సామి అనే మొక్కుకునేది. దేవుడికైనా ఆ పేరు దక్కలేదు. ఆ సంగతి సిస్టర్ డ్లామినికి ఇంగ్లీషులో చెప్పాను, అర్థం కాదేమో అనుకుంటూ.

"హావు!" అంది ఆమె. "ఇదా! మా జూలూల్లో దీన్ని హ్లోనిపా అంటాం. కోడలు మామగారి పేరు పలకకూడదు. ఆ పేరులో ఉన్న మాట కూడా పలకకూడదు. మా మామగారి పేరులో నీళ్ళు అనే మాట ఉంది. ఇంట్లో దానికి వేరే మాట వాడేదాన్ని. ఇక్కడ చేరిన కొత్తలో రోగులు నీళ్ళడిగితే, నీళ్ళు కావాలా అని తిరిగి అడగలేక గ్లాసు చూపించేదాన్ని."

లచ్చమ్మ తలెత్తి చూసింది. ఇన్నేళ్ళు ఒకే వార్డులో పనిచేసిన ఆ ఇద్దరూ ఈ మాట ఒకరికొకరు చెప్పుకోలేదు.

పెద్దలకు చెప్పడం

సులువైన దారి ఉంది. వచ్చేవారం వేరే మంచం ఇమ్మని అడిగితే సరి. ఫోన్ చేసి అడిగాను. ఏ మంచమైనా తనకు ఒకటేనంది సిస్టర్ ఫూరీ. ఆ కబురు పట్టుకుని ఎంతో గొప్పగా లచ్చమ్మ దగ్గరకు వెళ్ళాను.

"వద్దు సిస్టర్," అంది.

"ఎందుకొద్దు? ఇదే ఆఖరు. తప్పితే ఇక పరీక్ష లేదు."

"ఎరుకే. నాను నర్సు అయినాక ఆ పేరోడు వార్డుకు రాడా? ఈ కోస్ట్‌లో రాయి ఇసిరితే ఆ పేరోడికే తగులుద్ది. అప్పుడేటి సేస్తాను, మందు ఎవురికి ఇస్తాను? పక్కోడికి ఇస్తే?"

చదువు చెప్పడానికి వచ్చిన నేను ఆమెకు దొంగదారి చూపిస్తున్నాను, ఆమె వద్దంటోంది. కోపం వచ్చింది, భయం వేసింది. ఇన్నేళ్ళ చాకిరీ ఒక్క మాట దగ్గర ఆగిపోతే ఎలా? కొడుక్కి అప్పలసామి అని పేరు పెట్టిన ఆమె అత్తమామలను కూడా మనసులో తిట్టుకున్నాను.

"సరే, మరి నీళ్ళు అనే మాట నువ్వెట్లా సెప్పినావు?" అని లచ్చమ్మ పక్కనే ఉన్న సిస్టర్ డ్లామినిని అడిగింది, ఇంగ్లీషూ తెలుగూ కలిపి.

"మా అత్తగారికి చెప్పాను. ఆవిడ పోయిన పెద్దల కోసం ఉంచిన మూలలో ఇంపెఫో అనే ఎండు ఆకు పొగ వేసి వాళ్ళతో మాట్లాడింది. మా కోడలు ఆసుపత్రిలో దాహం వేసినవాళ్ళ కోసం ఈ మాట అంటుంది, ఇంట్లో అనదు, తప్పు పట్టకండి అని చెప్పింది. అంతే. మర్నాటి నుంచి అన్నాను. అమ్మా, గౌరవం అంటే నోరు మూసుకోవడం కాదు. అడిగి నోరు తెరవడం."

ఆ వారం లచ్చమ్మ దీపం పెట్టి, మొగుడి ఫోటో ముందు కూర్చుని అడిగిందట. తర్వాత నాకు చెప్పింది.

"ఏమన్నారు?" అన్నాను.

"ఏమంటారు? బతికున్న నాడు కూడా ఏటడిగినా ఉలకరు పలకరు. ఓకే అనే అనుకున్నాను."

మళ్ళీ కిటికీ పక్కన

ఆ రోజు బయట చెరకు మంటలు ఎక్కువగా ఉన్నాయి. మసి రేకులు కిటికీ దాటి లోపలికి వచ్చి, తెల్ల దుప్పట్ల మీద వాలి, ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. ఎండ తేనె రంగులో ఉంది. వార్డు సగం నిద్రలో ఉంది. తెర లోపల నేను, సిస్టర్ ఫూరీ, సిస్టర్ డ్లామిని నిలబడ్డాం. మంచంలో ముసలాయన కునుకు తీస్తున్నాడు.

లచ్చమ్మ బండి పక్కన పెట్టింది. రెండు చేతులూ కడుపు దగ్గర పట్టుకుంది. పెదవులు కదిలాయి. ఆ మాట ఆమె నోరు దాటి మాకే సరిగా అందలేదు. ముసలాయన కదలలేదు.

"రోగి పలకాలి," అంది సిస్టర్ ఫూరీ. కఠినంగా అనలేదు.

లచ్చమ్మ కళ్ళు మూసుకుంది. పోయిన మనిషిని, ఏ రోజూ పేరుతో పిలవని మనిషిని, ఇప్పుడు పరాయివాళ్ళ ముందు పిలవాలి. నాకు పరీక్ష గుర్తులేదు, అర్హత గుర్తులేదు. ఆమె పిలిస్తే బాగుండునని మాత్రం ఉంది.

"మిస్టర్ అప్పలసామి!"

వార్డు అవతలి మూల దాకా వినబడింది. ముసలాయన కళ్ళు తెరిచాడు.

"ఆఁ. ఈడనే ఉన్నాను," అన్నాడు, బరువు వేలాడే కాలి వంక చూసుకుంటూ. "నానెక్కడికి పోతాను?"

లచ్చమ్మ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. సిస్టర్ డ్లామిని నా చెయ్యి పట్టుకుంది. లచ్చమ్మ మాత్రం ఆగలేదు. మణికట్టు తిప్పి పట్టీ మీద పేరు చదివింది, నీళ్ళలో మోచెయ్యి పెట్టి వేడి చూసింది, గుడ్డ తడిపింది. చెంపల మీద నీళ్ళు కారుతుండగానే ముసలాయన మొహం తుడిచింది, మెడ తుడిచింది, వీపు తుడిచింది. ఒక్కటీ తప్పలేదు.

సిస్టర్ ఫూరీ చివరిదాకా చూసింది. "మీరు పరీక్ష రాయవచ్చు, మిసెస్ నాయుడు," అని చెప్పి, తెర పక్కకు జరుపుకుని వెళ్ళిపోయింది. సిస్టర్ డ్లామిని ఆమె వెంట వెళ్ళింది. పని అయిపోయింది. లచ్చమ్మ బేసిన్ ఎత్తి బండి మీద పెట్టింది, గుడ్డలు సర్దింది, బండి పిడి పట్టుకుంది.

కదలలేదు. పిడి వదిలి మళ్ళీ మంచం వైపు తిరిగింది. ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు, రాసుకునేవాళ్ళు లేరు. ముసలాయన అప్పటికే కళ్ళు మూసుకున్నాడు.

"అప్పలసామీ," అంది మెల్లగా.

"ఆఁ," అన్నాడాయన.